అమీనా సైకిలు

టెక్కలి కోర్టు మెట్ల దగ్గర్నుంచి
ఆర్డీఓ ఆఫీసు గేటు దాకా
సైకిలు మీద నాలుగు నిమిషాలు.
సంతరోజైతే తొమ్మిది.
ఇరవై ఆరేళ్లుగా
ఆ దూరాన్నే ఉద్యోగంగా చేస్తున్నాను.

ఇవాళ సంచిలో ఒక్కటే కాగితం.
గెడ్డూరు తంపరలో
కొర్ను దాలమ్మ ఎకరా పది సెంట్లలోకి
పొక్లెయిను దిగకూడదని.
రెండు ముద్రలు. కొట్టేసిన ఒక అక్షరం పక్కన
జడ్జిగారి పొట్టి సంతకం.

ఆయనకి లాఠీ లేదు.
ఉన్న ఒక్క జవానూ భోజనానికి వెళితే
తలుపు ఆయనే తీసుకుంటారు.
బెంచి మీద వాన కారుతోందని
మూడేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నారు,
ఇవాళ ఎవర్ని ఆగమన్నారో ఆ ప్రభుత్వానికే.
కింద బకెట్టు పెట్టించి
చుక్కకీ చుక్కకీ మధ్య
ఉత్తర్వు చదివారు.

పొక్లెయినుకీ కాగితం ఉంది.
దొంగది కాదు.
రాజధానిలో చేతులెత్తి పాసు చేసిన చట్టం,
దాని కింద పెద్ద రోడ్డు,
పురిటి నొప్పులొచ్చిన మనిషి
దారిలో కనకుండా ఆస్పత్రికి చేరే రోడ్డు.

గేటు దగ్గర ఎమ్మెల్యేగారు కారు దిగి
నా సంచి కేసి చూశారు.
"ఏటి కూర్మయ్యా,
లచ్చమంది వోటేసి పంపితే ఒచ్చినోడిని నాను.
పరీక్ష రాసొచ్చినోడు నన్నాపుతాడేటి?"

తప్పు ప్రశ్న కాదు.
నా దగ్గర జవాబు లేదు, రసీదు పుస్తకం ఉంది.

జవాబు దాలమ్మ దగ్గరుంది.
కుచ్చిళ్లకి బురద, చేతిలో చోడంబలి గిన్నె.
"నానూ నీకే ఏసినాను బాబూ.
ఆ డబ్బాలో ఏసింది వోటు.
మడి ఎయ్యలేదు."

అన్నిసార్లూ ఇలా అందదు.
తిత్లీ తుపాను ఏడాది ఇలాంటిదే తెచ్చాను.
పెద్ద గుమస్తా దాని మీద టీ గ్లాసు పెట్టాడు.
సాయంత్రం గ్లాసు తీశాడు.
అప్పటికి పదకొండు పాకలు చదును.
ఆ గుండ్రటి మరక ఫైల్లో ఇంకా ఉంది
మూడో ముద్రలాగా.

అందుకే ఇవాళ కూర్చోమన్నా కూర్చోలేదు.
ఆర్డీఓ అమ్మాయి కొత్తది. చదివింది.
మళ్లీ మొదట్నుంచి చదివింది.
ఆమెకి జీపుంది, పోలీసులున్నారు,
కిటికీ అవతల ఎమ్మెల్యే ఉన్నాడు.
లో వోల్టేజీ ఫ్యాను చుట్లు లెక్కపెట్టాను.
పదిహేడు.
అప్పుడు ఫోనెత్తి
"ఇంజను ఆపించండి" అంది.

ఆగమన్నది ఒకరు, ఆపింది ఇంకొకరు.
ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
మధ్యలో నేను, చెమట కంపుతో.

మా చిన్నది గ్రూప్ టూకి కూర్చుని
అధికారాల విభజన, అధికారాల విభజన అని
పొద్దుటే బట్టీ పడుతుంది.
విభజనంటే గోడ అనుకుంటోంది పిచ్చిది.
నేను చూసినంతలో అది రోడ్డు.
గుంతలున్న రోడ్డు.
ఎవరో ఒకరు తొక్కుతుండాలి.

వచ్చే సమావేశాల్లో
ఆ చట్టాన్నే తిరగరాస్తారని బయట టీకొట్టులో అంటున్నారు.
రాయొచ్చు. అది వాళ్ల పని.
అప్పుడు ఇదే సంచిలో ఇంకో కాగితం,
ఎటువైపు తొక్కాలో అప్పుడు చూడాలి.

"ఎన్నాళ్లకి బాబూ ఇది?"
వచ్చే నెల ఇరవై రెండో తారీకు దాకా, అన్నాను.
మళ్లీ వాయిదా ఉంటుంది,
అటు తిరగొచ్చు, ఇటు తిరగొచ్చు.

దాలమ్మ మిగతాది వినలేదు.
వేళ్ల కణుపుల మీద రోజులు లెక్కేసింది.
"అప్పటికి ఉబాలయిపోతాయి" అని
అంబలి గిన్నె నెత్తికెత్తుకుని
మనుషుల్ని పిలవడానికి గబగబా నడిచింది,
రసీదు మీద వేలిముద్రయినా వెయ్యకుండా.

నేను వెనకాలే
సైకిలు తోసుకుంటూ,
"అమ్మా, ఒక్క నిమిషం,
అమ్మా" అంటూ.